నాలుగో కాలు

క్రేను బండమీదపల్లె చేరేసరికి మేళం మొదలైపోయింది. తెల్లవారకముందే రావలసిన బండి. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీ పని ముందురోజు చీకటి పడేదాకా తెగలేదు. అది తెగదని తెలిసీ ఓనరు గుణశేఖర్ ఈ గుడి పనికి మాటిచ్చేశాడు. రెండు చోట్లకూ ఒకటే బండి, ఒకడే ఆపరేటరు. తిరుపతి దాటి పూతలపట్టు వైపు మళ్లినప్పటి నుంచీ ఆపరేటరు మురుగేష్ ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే తిట్లు, ఎత్తకపోతే మళ్లీ మోత.

ఊరి నడుమ కొత్తగా కట్టిన వేణుగోపాలస్వామి గుడి. గుడి ముందు ధ్వజస్తంభానికి తవ్విన గుంత, గుంత చుట్టూ రాతిపీఠం. పీఠం పక్కన పసుపు పూసి, మామిడాకులు కట్టి పడుకోబెట్టిన పొడవాటి టేకుమాను. జనం అప్పటికే గుంతలో నవధాన్యాలు పోసి, పాలు పోసి, దండాలు పెట్టుకుని వెనక్కి జరిగి నిలబడ్డారు. పూజారి ఫోనులో టైము చూసుకుంటున్నాడు.

ధర్మకర్త వెంకటముని బండికి ఎదురు పరుగెత్తుకొచ్చాడు. జరీ పంచె కాళ్లకు అడ్డం పడుతుంటే ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

“ఏందప్పా ఇది, పానాలు తీస్తారా మనుషుల్ని? ముహూర్తం దాటిపోతా ఉండాది. బిన్నా పెట్టు బండిని.”

“యాడ పెట్టమంటారు సార్?”

“ఈ పరుపురాళ్ల మీదికి మాత్తరం ఎక్కించొద్దు. మొన్ననే పరిచినాము. దాతల పేర్లు చెక్కించిండేవి. ఆ కుడిపక్క మన్నుండాది చూడు, ఆడ పెట్టుకో.”

మురుగేష్ దిగి చూశాడు. గుడి కుడిపక్క నేల వీధివైపుకు వాలుగా ఉంది. వాలు చివర కొంత మేర కొత్తమన్ను పోసి చదును చేశారు. దానిమీద పేడనీళ్లు చల్లి, ముగ్గులు పెట్టారు. చూసేవాళ్లకు ముచ్చటగా ఉంది. క్రేను పనివాడికి మాత్రం ముగ్గులున్న నేల కంటే రాళ్లు పైకి తేలిన నేలే నయం.

ఎంత పెద్ద క్రేనైనా టైర్ల మీద నిలబడి బరువెత్తదు. నాలుగు మూలల నుంచీ నాలుగు ఇనుప కాళ్లు బయటికి చాచి, వాటిని నేలకు ఊని, తన బరువంతా ఆ కాళ్ల మీద వేసుకుని అప్పుడు ఎత్తుతుంది. నేల పల్లంగా ఉన్నచోట కాలి కింద దుంగచెక్కలు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చుకోవాలి. మెత్తగా ఉన్నచోట ఇంకా వెడల్పుగా పేర్చుకోవాలి. ఓపికతో చేసే పని. ఆ ఓపిక తప్ప తక్కినవన్నీ ఆ పొద్దున ఆ గుడి ముందు ఉన్నాయి.

తిరుమలయ్య అప్పటికే చెక్కలు దించుతున్నాడు. బరువులకు బెల్టులు కట్టడం, కింద నిలబడి చేత్తో సైగలు చేయడం ఆయన పని. మురుగేష్ కంటే వయసులో చాలా పెద్ద. ఇద్దరూ కలిసి మూడు కాళ్లు ఊనేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. వాలు వైపున్న మూడో కాలే దుంగలన్నీ మింగేసింది. నాలుగోదానికి మిగిలింది ఒక ఇనుప పలక, పొట్టి చెక్కలు కొన్ని. తక్కిన చెక్కలు సూళ్లూరుపేటలోనే ఉండిపోయాయి. తొందరలో ఎక్కించుకోవడం మరిచిపోయారు.

“రవ్వంత ఆగు,” అన్నాడు తిరుమలయ్య. “మాను కాడ బెల్టు చూసొస్తా. నువ్వు ఈడ పొడిచి చూడు.”

నాలుగో కాలు పడేది కొత్తమన్ను మీద. మురుగేష్ గడ్డపార తీసుకుని ముగ్గు మధ్యలో పొడిచాడు. గట్టినేల అయితే గడ్డపార చేతిని ఎదురుకొడుతుంది, అరచెయ్యి జలదరిస్తుంది. ఇక్కడ అదేమీ లేదు. గడ్డపార మెత్తగా, చప్పుడు లేకుండా సగందాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకు నల్లటి తడిమన్ను అంటుకుని వచ్చింది. పాత పెంట వాసన.

అతను తలెత్తి చూశాడు. పూజారి చెయ్యి గాల్లో ఊపుతున్నాడు. వెంకటముని “అయిందా? అయిందా?” అంటున్నాడు. మేళగాడు బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నాడు. ఊళ్లో అడిగితే నాలుగు మొద్దులు దొరక్కపోవు. తలుపుచెక్కలైనా ఇస్తారు. కానీ అడగాలి, తేవాలి, కాలు మళ్లీ పైకి తీసి పేర్చాలి. మురుగేష్ గడ్డపార మొనను ప్యాంటుకు తుడిచాడు. పలక వేశాడు, దాని కింద పొట్టి చెక్కలు తోశాడు, కాలు దించాడు.

“ఎట్లుండాది?” అని అరిచాడు తిరుమలయ్య అవతలి నుంచి.

“బాగుండాది.”

క్యాబిన్‌లో ఎక్కి మట్టం చూశాడు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా నడుమకు వచ్చి నిలిచింది. బండి సమంగా ఉందని చెప్పడం వరకే బుడగ పని. కింద ఏముందో దానికి తెలియదు. తెలిసినవాడు గమ్మున కూర్చున్నాడు.

గొంతు ఎండిపోయింది. ముందురోజు నుంచీ సరిగ్గా నీళ్లు తాగింది లేదు. జనమంతా పీఠం చుట్టూ ఉంటే, ఒక పెద్దామె మాత్రం అందరికీ వెనక, రచ్చబండ మూల నిలబడి ఉంది. వెలిసిన నీలం చీర, చేతిలో నీళ్లున్న స్టీలు చెంబు. మానును చూస్తున్నది చూస్తున్నట్టే ఉంది. చెంబు కనబడిందే తప్ప మురుగేష్‌కు ఇంకేమీ కనబడలేదు.

“పెద్దమ్మా, రవ్వంత నీళ్లియ్యమ్మా!”

ఆమె అటూ ఇటూ చూసింది. రాలేదు.

“నిన్నేమ్మా! నోరెండిపోతా ఉండాది.”

ఆమె వచ్చింది. జనాన్ని దాటి, తాడు కట్టిన హద్దు దాటి, బండి ముందు నుంచి నడిచి వచ్చి చెంబు అందించింది. మురుగేష్ గటగటా తాగాడు. చెంబు తిరిగిచ్చేసరికి తిరుమలయ్య చెయ్యి పైకి లేచింది. పూజారి గంట మోగించాడు. ఆమె అక్కడే, బండి ముందే నిలబడిపోయింది.

మాను లేచింది. తల ముందు లేచి, మెల్లగా నిలువుకు వచ్చి, మొదలు నేలను వదిలింది. ఆడవాళ్లు గోవింద కొట్టారు. బూమ్‌ను, బండి పొడవాటి ఇనుప చేతిని, పీఠం వైపు తిప్పుతుండగా మురుగేష్‌కు సీటు కింద ఏదో జారినట్టు అనిపించింది. బుడగ పక్కకు పరుగెత్తింది. నాలుగో కాలు నేలలోకి దిగుతోంది. బండి ఒక వైపుకు ఒరిగింది, మాను ఊగింది, కిందివాళ్లు కేకలేస్తూ పరుగెత్తారు. బరువు దించకపోతే బండే పడిపోతుంది. దించేశాడు. మాను మొదలు పీఠం రాతిని ఢీకొట్టి, పెళుక్కుమని పక్కకు పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. మాను మొదట్లో మాత్రం జానెడు పొడవున బీట పడింది.

మేళం ఆగిపోయింది. మురుగేష్ లివర్లు వదిలి తలెత్తాడు. జనం బండి వైపు చూస్తారనుకున్నాడు. తన వైపు చూస్తారనుకున్నాడు. వాళ్లు చూసింది బండి ముందు నిలబడిన పెద్దామెను.

“అయ్యో అయ్యో, ఈయమ్మ ముందరికెందుకు వచ్చిండాది?”

“తాడుబొట్టు లేని మనిషి, మాను లేచేటప్పుడు ఎదురొస్తాదా?”

“బుద్ధుండొద్దా చౌడమ్మా నీకు? వెనక్కుండమని చెప్తే వినబళ్లేదా?”

ఆమె నోరు తెరిచి ఏదో అనబోయింది. క్యాబిన్ వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు ఒక్క మాట చాలు. నేనే పిలిచినాను అంటే చాలు. మురుగేష్ నాలుక అంగిటికి అతుక్కుపోయింది, ఇప్పుడే నీళ్లు తాగిన నోరే. చౌడమ్మ చెంబు చీరకొంగులో దాచుకుని, ఎవరినీ ముట్టుకోకుండా, ఒదిగి ఒదిగి జనం మధ్య నుంచి వెళ్లిపోయింది.

ఓనరు గుణశేఖర్ మధ్యాహ్నానికి తిరుపతి నుంచి కారులో దిగాడు. దారి పొడవునా నష్టపరిహారం గురించి ఏమేమి అబద్ధాలు చెప్పాలో కూడబలుక్కుని వచ్చినట్టున్నాడు. వాటి అవసరమే పడలేదు. పూజారి ఇంకో ముహూర్తం పెట్టాడు, నాలుగు రోజుల్లో ఉంది. అందాకా బండి ఇక్కడే ఉంటుందని గుణశేఖర్ ధారాళంగా ఒప్పుకున్నాడు. తర్వాత మురుగేష్‌ను టైరు పక్కకు పిలిచాడు.

“ఆయమ్మ ఎదురొచ్చిందని ఊరోళ్లే అనుకుంటా ఉండారు. మన బండిని ఎవురూ ఒక్క మాటనలా. నువ్వు నోరు తెరిచి కెలక్కు. గమ్మునుండు, ఏం?”

“సరే సార్.”

కారు వెళ్లాక తిరుమలయ్య నాలుగో కాలు దిగిన గుంత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నల్లమన్నును వేళ్లతో నలిపి వాసన చూశాడు.

“పెంటదిబ్బ గుంతబ్బా ఇది. పైన మన్నుపోసి కప్పెట్టిండారు. నువ్వు పొడిచి చూస్తివి గదా?”

“చూసినాన్నా. గట్టిగానే తగిలె.”

తిరుమలయ్య అతని ముఖంలోకి కాసేపు చూశాడు. “ఏమో మల్ల. అట్ల మోసం చేస్తాది ఒక్కో తావు,” అని చెయ్యి దులుపుకుని లేచాడు. ఏళ్ల తరబడి ఒకే బండి మీద తిరిగిన మనిషికి అబద్ధం చెప్పడం ఇంత సులువని మురుగేష్‌కు ఆ రోజే తెలిసింది.

ఇద్దరికీ మకాం గుడి పక్క సత్రంలో, భోజనం వెంకటముని ఇంట్లో. మర్నాడు వెంకటముని కోడలు పూజిత రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి వడ్డిస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

“పాపం చౌడత్త పొద్దన్నుంచి తలుపు తీలేదంట. మాను పాడైపోయె అని ఏడస్తా ఉండాదంట.”

“మాను పాడైతే ఆయమ్మకేం?” అన్నాడు మురుగేష్.

“ఆయమ్మ మానే గదన్నా అది. తెలీదా మీకు? వాళ్ల చేన్లో, కయ్య గెనిమ మీద ఉండె. మొగుడూ పెండ్లాం కలిసి నాటిన మాను. ఆయన ఉన్నబ్బుడే అనేవాడంట, ఇది ఇంటికి వద్దు, గుడికిస్తాం అని. గుడి కడతారని తెల్సినప్పుడు తనే వచ్చి కొట్టుకోమని చెప్పినాది.” పూజిత గిన్నె దించి గొంతు తగ్గించింది. “ఇబ్బుడు కొంతమంది ఏమంటారంటే, మానే మంచిది కాదు, కాళాస్తి నుంచి వేరే మాను తెద్దామంటారు. దీన్ని కోసి తలుపులకో గిలుపులకో వాడేస్తారంట.”

మురుగేష్ సంగటి ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. మజ్జిగ తాగి చెయ్యి కడుక్కున్నాడు. ఆకలి లేదా అని పూజిత అడిగితే ఎండ అన్నాడు.

ఆ సాయంత్రం చౌడమ్మను చూశాడు. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు నీళ్లు పట్టుకుని వెళ్లేదాకా ఆమె దూరంగా గోడ పక్కన నిలబడి ఉంది. ఎవరూ పొమ్మనలేదు. ఆమెకూ చెప్పించుకోవలసిన అవసరం లేనట్టుంది. చివరి బిందె కదిలాక వెళ్లి పట్టుకుంది, అప్పటికి ధార సన్నబడింది. మురుగేష్ క్రేను టైరుకు ఆనుకుని అదంతా చూశాడు. పోయి బిందె ఎత్తిస్తే బాగుండునని కాళ్లు ఉబలాటపడ్డాయి. కానీ ఏ ముఖం పెట్టుకుని పోతాడు? వెళ్లలేదు.

రాత్రంతా ఆలోచించి, తెల్లారగానే వెంకటముని దగ్గరికి వెళ్లాడు. ఆయన వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మురుగేష్ నిలబడే చెప్పేశాడు. గడ్డపార దిగిన సంగతి, పలక వేసి సరిపెట్టిన సంగతి, చౌడమ్మను తనే రెండుసార్లు పిలిచిన సంగతి. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. చెప్పడం పూర్తయ్యేసరికి ఒళ్లు తేలికపడింది.

వెంకటముని కాఫీ ఆఖరి గుక్క దాకా తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

“కూర్చో అబ్బా. నిలబడొద్దు.”

మురుగేష్ అరుగు మీద కూర్చున్నాడు.

“ఆ దిబ్బగుంత పూడ్పించిందే నేను. నీ బండిని ఆడ పెట్టమనిందీ నేనే. నాకు తెలీకనా?” ఆయన గొంతులో కోపం లేదు. “ఇబ్బుడు ఆ మాట ఊరికి చెప్పినామనుకో. ధర్మకర్త పరుపురాళ్ల కోసం మానును పడగొట్టించినాడంటారు. నా ఎదర పార్టీ వాళ్లు కాచుకోనుండారు. గుడి పని ఈడికే నిలబడిపోతాది.”

“మరి ఆయమ్మ సార్?”

“ఆయమ్మతో నేను మాట్లాడినా. మొదలు మూరెడు కోసేస్తే మాను గట్టిగానే ఉండాదని వడ్రంగి చెప్పినాడు. ఆ మానే నిలబెడతాం, కాళాస్తి మాను వద్దు అని నేనే పట్టుబట్టినా. పూజారి ఒక్కటే మాటన్నాడు, ఆ పొద్దు ఆయమ్మ ఊళ్లో ఉండకూడదని. సంతోషంగా ఒప్పుకున్నాది. నా కాళ్లకు మొక్కబోయినాది గూడా.” వెంకటముని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. “నువ్విబ్బుడు నోరు తెరిస్తే పంచాయితీ మళ్లా మొదలు. ఆ రచ్చలో పోయేది మానే. ఆలోచించుకో. కాఫీ తాగతావా?”

మురుగేష్ వద్దన్నాడు. తప్పు ఒప్పుకుంటే తిడతారనీ కొడతారనీ అనుకుని వచ్చాడు. ఆ తప్పు అప్పటికే ఊరికి పనికొచ్చే వస్తువైపోయిందని అనుకోలేదు. గుడి దగ్గరికి తిరిగొచ్చేసరికి నాలుగో కాలు దిగిన గుంతలో కంకర పోసి ఇద్దరు కూలీలు దిమ్మిస కొడుతున్నారు. కాసేపటికి అక్కడ గుంత ఉన్న ఆనవాలే లేకుండా పోయింది.

ఊరికి చెప్పకూడదు సరే. ఆమెకైనా చెప్పాలి. ఆ ఒక్క మనిషికి తెలిస్తే చాలని తనకు తాను సర్దిచెప్పుకుంటూ మధ్యాహ్నం ఎండలో పొలంగట్ల వెంట, గెనిమల మీద నడిచి వెళ్లాడు. చౌడమ్మ తన కయ్యలో పశుగ్రాసం కోస్తోంది. గెనిమ మీద టేకు మొద్దు, రంపం పెట్టి కోసిన కోతతో తెల్లగా ఉంది. దాని పక్కన తల వంచుకుని కొడవలి ఆడిస్తోంది. అతన్ని చూసి గబుక్కున లేచి పక్కకు జరిగింది.

“క్రేనబ్బోడివి గదా? ఏంది నాయనా ఇంత దూరం వచ్చినావు?”

“నీతో ఒక మాట చెప్పల్ల పెద్దమ్మా.”

అంతా చెప్పాడు. ఈసారి వెంకటమునికి చెప్పినంత తేలిగ్గా రాలేదు. మన్ను మెత్తగా ఉందని తనకు తెలుసని చెప్పాడు. తెలిసే కాలు దించానని చెప్పాడు. నువ్వు రాకపోయినా బండి ఒరిగేదే అన్నాడు. ఆమె గడ్డి కట్ట మీద చెయ్యి ఆనించి, కళ్లు చికిలించి, మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

“అన్నం తిన్నావా?” అంది చివరికి.

“తిన్నాను పెద్దమ్మా. నేను చెప్పేది...”

“ఇన్న్యాను నాయనా. నీది మంచి మనసు. నా ఏడుపు చూడలేక ఎవురో చెప్పి పంపించిండారు నిన్ను. పూజితేనా?”

“లేదు పెద్దమ్మా! నిజ్జంగా నాదే తప్పు. ఒట్టు.”

“ఒట్టు పెట్టుకోవద్దు.” ఆమె గొంతు మొదటిసారి గట్టిగా వచ్చింది. తర్వాత మెత్తబడింది. “నీకు తెలీదు లేబ్బా. ఆయన పోయినాక నేను ఏ శుభానికీ ముందుకు పోలా. పెండ్లికి పిలిస్తే పెండ్లయినాక పోయి అక్షింతలేసి వస్తా. ఆ పొద్దు మాత్తరం మనసాగలా. మాను లేస్తా ఉంటే దగ్గరగా చూడాలని. ఎబ్బుడు ముందుకు పోదామా, ఎవురు పిలస్తారా అని నిలబడి ఉండా. నువ్వు నీళ్లడిగితివి. సాకు దొరికినాది, వచ్చేసినా. నీళ్లిచ్చి ఎనక్కి పోవచ్చు గదా? పోతినా? ఆడనే నిలబడి చూస్తా ఉంటిని. నా ఆశే తగిలె దానికి.”

“అట్లా ఏమీ ఉండదు పెద్దమ్మా. కాలు దిగబడింది, అంతే.”

“దిగబడె. నేను వచ్చినాక గదా దిగబడె?”

మురుగేష్ చూపిద్దామనుకుంటే గుంతను కంకరతో పూడ్చేశారు. గడ్డపార మొనకు అంటిన మన్ను తన ప్యాంటు మీదే ఎండి రాలిపోయింది. తిరుమలయ్యను సాక్ష్యం పిలుద్దామంటే ఆయనకు గట్టిగానే తగిలిందని చెప్పి కూర్చున్నాడు. తన నిజానికి సాక్ష్యం లేకుండా తానే చేసుకున్నాడు.

“ఒక్క పని చెయ్యి నాయనా,” అంది చౌడమ్మ. “ఈ తూరి బాగా నిలబెట్టు. ఆయన ఆశపడిన మాను. నేను ఊళ్లో ఉండన్లే, మామిడితోట కాడికి పోతా. నా భయం పెట్టుకోవద్దు.”

ఆమె గడ్డి కట్ట ఎత్తుకోబోతే మురుగేష్ చెయ్యి వేసి నెత్తికి ఎత్తించాడు. బతుకు సల్లగుండ అని దీవించి వెళ్లిపోయింది. కొడితే బాగుండేది. ఆ దీవెనను ఎక్కడ దించుకోవాలో తెలియక అతను ఆ కోసిన మొద్దు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

రెండో ముహూర్తం రోజు మురుగేష్ కోడికూతతోనే లేచి పని మొదలుపెట్టాడు. ఊళ్లో తలుపుతలుపూ తట్టి మొద్దులు తెప్పించాడు. గడ్డపారతో ప్రతి కాలి తావునూ పలుచోట్ల పొడిచి, చెవి దగ్గరపెట్టి శబ్దం విన్నాడు. కొత్తమన్నులో కాలు పెట్టనే పెట్టలేదు. బండిని వెనక్కి తిప్పి రెండు కాళ్లు పరుపురాళ్ల మీదికి తెచ్చాడు. వెంకటముని చూశాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దుంగలు పరిచి కాలు దించేసరికి ఎవరో దాత పేరున్న రాయి ఒకటి టప్పుమని పగిలింది. అది కూడా ఎవరికీ వినబడలేదు.

“ఇంకెంతసేపు స్వామీ?” అన్నాడు పూజారి.

“నేను చెప్పినాకనే,” అన్నాడు మురుగేష్. పూజారి వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఆ మాట మొదటిరోజే అని ఉంటే సరిపోయేది. ఇంత సులువైన మాట.

తిరుమలయ్య చెయ్యి లేచింది. మాను లేచింది. ఎక్కడా ఊగలేదు, ఎక్కడా ఆగలేదు. మెల్లగా తిరిగి, పీఠం మీదికి వచ్చి, గుంతలోకి దారం సూదిలోకి దిగినట్టు దిగింది. గోవిందలతో వీధి దద్దరిల్లింది. ముసలివాళ్లు కళ్లొత్తుకున్నారు. మాను నిటారుగా, బంగారం రంగు ఎండలో, గుడి శిఖరం కంటే ఎత్తుగా నిలబడింది. ముచ్చటైన మాను. దాన్ని నాటిన మనిషి తప్ప ఊరంతా చూసింది.

వెంకటముని మైకులో మురుగేష్‌ను పిలిచాడు. శాలువా కప్పాడు, పూలదండ వేశాడు. “ఈ అబ్బాయి చేతి చలవ” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మురుగేష్ తల వంచుకుని నిలబడ్డాడు. వినయమనుకున్నారు. “ఆ పొద్దు అపశకునం లేకుండా ఉంటే అబ్బుడే నిలబడేది” అని ఎవరో వెనక నుంచి అన్నారు. మురుగేష్‌కు మైకు చేతికి అందేంత దూరంలోనే ఉంది. నోరు తెరిస్తే మాను జోలికి వస్తారు. తెరవకపోతే ఆమె జోలికి. అందరూ తినమని పెట్టిన పొంగలి ఆకులో పట్టుకుని బండి దగ్గరికి వచ్చేశాడు.

కాళ్లు ముడిచి, చెక్కలు ఎక్కించి, బండి ఊరు దాటేసరికి ఎండ వాలింది. పూతలపట్టు రోడ్డు ఇరుకు. రెండు పక్కలా కంపచెట్లు, వాటి వెనక మామిడితోటలు. తిరుమలయ్య పక్కసీట్లో శాలువా మడత పెడుతున్నాడు.

మలుపు తిరగ్గానే ఎదురుగా చౌడమ్మ. తోట నుంచి ఊరి వైపు నడిచి వస్తోంది. మేళం ఆగిపోయిందని విని బయలుదేరినట్టుంది. క్రేను కనబడగానే ఆమె ఆగింది. అటూ ఇటూ చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని, రోడ్డు దిగి, కంపల్లోకి జరిగింది. ముఖం అటువైపు తిప్పుకుని నిలబడింది.

మురుగేష్ బ్రేకు వేశాడు. ఇంజను ఆపేసి కిందికి దూకాడు.

“పెద్దమ్మా! మాను నిలబడిందమ్మా.”

“గోవిందలు ఇనబడినాయి నాయనా,” అంది ఆమె అటు తిరిగే. “వంకర లేదు గదా?”

“లేదు. నిక్కంగా ఉండాది. నువ్వు పైకి రా. రోడ్డు మీదికి రా పెద్దమ్మా.”

“నువ్వు పో. బండి పోనీ ముందు.”

“నువ్వు ఎదురు రావల్ల. నువ్వు ఎదురొస్తేనే నేను పోయేది. నాకేం కాదమ్మా, చెప్పినా గదా, తప్పు నాది! నీ వల్ల ఏమీ కాలేదు!” తిరుమలయ్య క్యాబిన్‌లోంచి వంగి చూస్తున్నాడు. ‘తప్పు నాది’ అన్న మాట ఆయనకూ వినబడింది. ఇప్పుడు వినబడితే ఏం లాభం?

చౌడమ్మ తల అడ్డంగా ఊపింది. “వద్దబ్బా. దూరం పొయ్యే బండి. దారిలో నీకేమన్నా అయితే మళ్లా అది నేను మొయ్యల్ల.”

అతను కదల్లేదు. వెనక తిరుపతి బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది. దాని వెనక ట్రాక్టరు. డ్రైవర్లు తలలు బయటపెట్టి అరిచారు. చౌడమ్మ ఒక కాలు ఎత్తి పాదం వెనక్కి మడిచి, తడుముకుని, ముల్లు లాగి పారేసింది. మళ్లీ ఆ కాలు ముళ్లలోనే పెట్టింది.

“ముండ్లు గుచ్చుకుంటా ఉండాయి నాయనా. పోనీయప్పా బండిని.”

మురుగేష్ ఎక్కి కూర్చున్నాడు. బండి స్టార్టు చేసి, ఆమె పక్కనుంచి, కంప రాచుకునేంత దగ్గరగా, ముందుకు పోనిచ్చాడు. తిరుమలయ్య అతని వైపు చూడలేదు. శాలువాను సీటు కిందికి తోసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అద్దంలో బస్సు దాటింది, ట్రాక్టరు దాటింది. రోడ్డంతా ఖాళీ అయ్యాక చౌడమ్మ కంపల్లోంచి పైకి వచ్చి, చెప్పులు వేసుకుని, ఊరివైపు నడిచింది.